ముందు పడటం నేర్చుకోండి

కాలో చెయ్యో పోగొట్టుకున్న మనిషి కరాటే నేర్చుకుంటానని ఇంట్లో చెప్పి చూడాలి. "ఉన్న కాలు కూడా విరగ్గొట్టుకుంటావా?" అని అమ్మ కళ్లనీళ్లు పెట్టుకుంటుంది. బావ నవ్వుతాడు. పక్కింటి పెద్దాయన మాట మార్చి పింఛను వస్తోందా అని అడుగుతాడు. వీళ్లెవరూ చెడ్డవాళ్లు కాదు. మీ జీవితంలో జరగాల్సిందంతా ఆపరేషన్ బల్ల మీదే జరిగిపోయిందని వాళ్ల నమ్మకం. ఇక మీరు చేయాల్సింది జాగ్రత్తగా కూర్చోవడం.

జాగ్రత్తగా కూర్చున్నవాళ్ల జోలికి ఎవరూ రారన్న హామీ ఎక్కడా లేదు. రాత్రి పదింటికి బస్టాండులో ఊతకర్రతో నిలబడ్డ మనిషిని చూసి జేబుదొంగ జాలిపడడు. లెక్క వేసుకుంటాడు. ఈ మనిషి పరిగెత్తలేడు, వెంటబడలేడు, అరిచినా ఎవరూ రారు. ఆత్మరక్షణ అంటే ఆ లెక్క తప్పేలా చేయడం. వాణ్ని చితగ్గొట్టక్కర్లేదు, సినిమాలోలా గాల్లోకి ఎగరేయక్కర్లేదు. తప్పించుకోవడానికో, నలుగురూ తిరిగి చూడటానికో సరిపడా వ్యవధి సంపాదిస్తే చాలు. అది నేర్చుకోగలిగిన విద్యే. ఒక కాలితో నేర్చుకోవచ్చు, ఒక చేత్తో నేర్చుకోవచ్చు, చక్రాల కుర్చీలో కూర్చుని నేర్చుకోవచ్చు.

మీ సదరం సర్టిఫికెట్టు మీద ఒక శాతం వేసి ఉంటుంది. పింఛనుకీ రాయితీలకీ అది కావాలి, బీరువాలో భద్రంగా పెట్టుకోండి. శిక్షణకు మాత్రం దాన్ని బుర్రలో కూడా మోసుకుపోకండి. మీలో ఎంత పోయిందో డాక్టరు లెక్కగట్టిన అంకె అది. మీకు నేర్పే మాస్టారికి కావలసిన లెక్క వేరు. ఏ కీలు ఎంత వంగుతుంది, ఏ పక్క బలం ఉంది, ఎంతసేపు నిలబడగలరు, నేల మీంచి ఎలా లేస్తారు. ఈ నాలుగింటికీ జవాబులు మీ దగ్గరే ఉన్నాయి. ముందు ఇంట్లోనే ఒక కాగితం మీద రాసుకోండి.

ఇది సాధ్యమేనా అన్న అనుమానం ఉంటే కొందరి గురించి చెబుతాను. అమెరికాకు చెందిన నిక్ న్యూవెల్‌కు పుట్టుకతోనే ఎడమ మోచేతి కింద చెయ్యి లేదు. 2012లో ఎక్స్‌ఎఫ్‌సీ మిక్స్‌డ్ మార్షల్ ఆర్ట్స్ పోటీల్లో లైట్‌వెయిట్ టైటిల్ గెలిచాడు. అవతలివాడికి రెండు చేతులూ ఉన్నాయి. బ్రెజిల్ జియుజిట్సు దిగ్గజం జాన్ జాక్ మచాడోకు ఎడమ చేతికి బొటనవేలు తప్ప మిగతా వేళ్లు సరిగా లేవు. ఆ ఆటలో ఎదుటివాడి బట్టను గుప్పిట బిగించి పట్టుకోవడమే సగం విద్య. ఎడమ చేతి విషయంలో మచాడో ఆ సగాన్ని పక్కన పెట్టేశాడు. గుప్పిట పట్టాల్సిన చోట ముంజేతిని ఎదుటివాడి చంక కిందికి దూర్చి, ఒంటికి ఒళ్లు ఆనించి లాక్కోవడం అలవాటు చేసుకున్నాడు. 1999లో ప్రతిష్ఠాత్మకమైన ఏడీసీసీ పోటీల్లో తన బరువు విభాగంలో విజేత అయ్యాడు. అఫ్ఘాన్ అమ్మాయి జకియా ఖుదాదాది ఒక ముంజెయ్యి లేకుండా పుట్టింది. 2021లో కాబూల్ తాలిబన్ల చేతికి చిక్కినప్పుడు దేశం వదిలి టోక్యో పారాలింపిక్స్‌కు చేరింది. 2024 పారిస్ పారాలింపిక్స్‌లో టైక్వాండోలో కంచు పతకం గెలిచింది. పారాలింపిక్ శరణార్థుల జట్టుకు దక్కిన మొట్టమొదటి పతకం అదే.

మన దగ్గరే కావాలంటే మానసి జోషి ఉంది. ముంబైలో 2011లో జరిగిన రోడ్డు ప్రమాదంలో ఎడమ కాలు పోయింది. హైదరాబాదు వచ్చి పుల్లెల గోపీచంద్ అకాడమీలో సాధన చేసి, 2019లో పారా బ్యాడ్మింటన్ ప్రపంచ చాంపియన్ అయింది. ఆమెది పోరాట విద్య కాదు, నిజమే. కానీ కృత్రిమ కాలితో ముందుకు దూకడం, ఆగడం, చటుక్కున పక్కకు తిరగడం ఆమెకు రోజువారీ పని. ఆత్మరక్షణలో మీకు కావలసిన కదలికలూ అవే.

వీళ్ల పతకాలతో మీకు పని లేదు. వీళ్లు చేసిన ఒక పనితో మాత్రం ఉంది. ఎవరూ తమ ఒంటిని విద్యకు సరిపోయేలా విరవలేదు. విద్యనే ఒంటికి తగ్గట్టు కత్తిరించి కుట్టుకున్నారు.

ఇంకో సంగతి. కోడి రామ్మూర్తి నాయుడు ఉక్కు గొలుసులు తెంచిన కథ మన పిల్లలందరికీ చెబుతాం. చివరి రోజుల్లో ఆయనకు కాలు తీసేయాల్సి వచ్చిందన్న సంగతి ఎంతమందికి చెప్పాం? బలవంతుడి కథలో కాలు లేని అధ్యాయం మనకు ఇబ్బంది. ఆ ఇబ్బంది మనది, ఆయనది కాదు.

ముందు డాక్టరు, తర్వాతే మాస్టారు

కాలు ఎందుకు తీయాల్సి వచ్చిందన్న దాన్ని బట్టి శిక్షణ మారుతుంది. ప్రమాదంలో పోయినవాళ్లకు మిగతా ఒళ్లు సాధారణంగా గట్టిగానే ఉంటుంది. గాయం పూర్తిగా మానిందని డాక్టరు చెబితే, ఫిజియోథెరపిస్టు సరేనంటే మొదలుపెట్టవచ్చు. షుగరు వల్ల తీసేసినవాళ్ల సంగతి వేరు. రెండో పాదంలో కూడా స్పర్శ తగ్గి ఉండొచ్చు. మ్యాట్ మీద చిన్న బొబ్బ లేచినా తెలియదు, తెలిసేసరికి పుండవుతుంది. కాబట్టి క్లాసుకు ముందూ తర్వాతా ఉన్న పాదాన్ని వేళ్ల సందులతో సహా చూసుకోవాలి. అడుగుభాగం కనిపించకపోతే అద్దం పెట్టుకోండి. కంటి పరీక్ష, గుండె పరీక్ష చేయించుకోకుండా గట్టి సాధనకు దిగకండి. జేబులో గ్లూకోజు పొట్లం ఉండాలి, అది ఉన్నట్టు మాస్టారికి తెలియాలి.

కృత్రిమ కాలు అమర్చినవారిని ఒకసారి కలిసి, "నేను తన్నడం, తిరగడం, పడటం చేయబోతున్నాను, ఇది తట్టుకుంటుందా?" అని సూటిగా అడగండి. ప్రతి కాలికీ ఒక బరువు పరిమితి ఉంటుంది. నడకకు చేసిన కాలు మెలి తిప్పితే ఏమవుతుందో, మోకీలు ఏ కోణంలో ఉన్నట్టుండి మడుచుకుపోతుందో వాళ్లకే తెలుసు. కృత్రిమ కాలితో గట్టిగా తన్నితే ఆ దెబ్బ తిరిగి వచ్చేది మీ మొండి భాగంలోకే. ఇది చాలామంది ఆలోచించని విషయం.

ఇంకొకటి, ఎవరూ చెప్పనిది. మన దగ్గర కరాటే, కుంగ్‌ఫూ, టైక్వాండో అన్నీ చెప్పులు విడిచే నేర్పుతారు. చాలా కృత్రిమ పాదాలను బూటు మడమ ఎత్తుకు సరిపోయేలా బిగిస్తారు. బూటు విప్పేస్తే మడమ కిందికి దిగి, ఒళ్లు వెనక్కి వాలుతుంది. మోకాలు వెనక్కి నెట్టినట్టు ఉంటుంది. "నాకు బ్యాలెన్స్ లేదు" అని మీరు అనుకుంటారు, మాస్టారు కూడా అదే అనుకుంటాడు. తప్పు బ్యాలెన్సుది కాదు, విప్పిన బూటుది. మ్యాట్ మీద మాత్రమే వేసుకునే శుభ్రమైన బూట్ల జత ఒకటి పెట్టుకుని అనుమతి అడగండి, లేదా మడమ కింద పెట్టే దిమ్మ చేయించుకోండి. ఈ విషయంలో జైపూర్ కాలు మేలు. 1968లో జైపూర్‌లో డాక్టర్ పి.కె. సేథీ, శిల్పి రామచంద్ర శర్మ కలిసి దాన్ని తయారుచేసినప్పుడే ఉత్త కాళ్లతో పొలంలో నడిచే, బాసింపట్టు వేసుకుని కూర్చునే మన మనిషిని దృష్టిలో పెట్టుకున్నారు. కృత్రిమ కాలితో నాట్యం చేసిన అమ్మాయి కథ 'మయూరి' సినిమా చూసినవాళ్లకు ఆ కాలు ఏం చేయగలదో వేరే చెప్పక్కర్లేదు.

మొదటి పాఠం: నేల

ఇప్పుడు అసలు విషయం. మీరు ఏ విద్య ఎంచుకున్నా మొదటి నెల గుద్దడం అడగకండి, తన్నడం అడగకండి. పడటం నేర్పమనండి.

మనిషి మొత్తం కాలు బరువు అతని బరువులో దాదాపు ఆరో వంతు. అరవై కిలోల మనిషికి పది కిలోలకు కొంచెం తక్కువ. మోకాలి కింది భాగమైతే మూడున్నర కిలోల పైచిలుకు. చెయ్యి మొత్తం మూడు కిలోలు. అంత బరువు ఒక పక్కనుంచి పోతే ఒంటి బరువు కేంద్రం రెండో పక్కకు జరుగుతుంది. కృత్రిమ కాలు పెట్టినా చాలావరకు అది సొంత కాలి కన్నా తేలిక, పైగా నేల తగిలిన కబురు పాదం నుంచి మెదడుకు రాదు. చెయ్యి పోయినవాళ్లు "నాకు కాళ్లు బాగానే ఉన్నాయిగా" అంటారు. నడకలో ఊగే చెయ్యి ఒంటిని నిలబెట్టే సాధనమే. అది లేకపోతే నడుము దగ్గర ఒళ్లు తిరిగే తీరే మారిపోతుంది. అందుకే తోపులాటలో మీరు మిగతావాళ్ల కన్నా ముందు పడొచ్చు. పడతారని ఒప్పుకుంటే సగం భయం వదులుతుంది. పడ్డాక దెబ్బ తగలకుండా ఉండటం, పడ్డచోటి నుంచి లేవడం వస్తే మిగతా సగం వదులుతుంది.

పడేటప్పుడు మనిషి సహజంగా చెయ్యి చాచుతాడు. మణికట్టు విరిగేది అలాగే. ఉన్న చెయ్యి ఒక్కటే అయితే అది విరగడం అంటే ఏమిటో మీకు వేరే చెప్పాలా? గడ్డం గుండెకు ఆనించాలి, తల నేలకు తగలకూడదు. ఊపిరి బిగబట్టకుండా వదలాలి. మోచేతులు మడిచి పెట్టుకుని పిరుదు, తొడ పక్క, వీపు వరుసగా నేలను తాకేలా దొర్లాలి. జూడోలో చేత్తో మ్యాట్‌ను చరచడం నేర్పుతారు. ఆ పక్క చెయ్యి లేనివాళ్లు చరచడం మానేసి దొర్లడం మీదే దృష్టి పెట్టాలి. చంకకర్రలతో నడిచేవాళ్లు పడుతున్నామని తెలియగానే కర్రలను పక్కలకు విసిరేయాలి, లేకపోతే వాటి మీదే పడతారు. మోకాలి పైన తీసేసినవాళ్లకు కృత్రిమ మోకీలు లొంగిపోయి ఆ పక్కకే పడటం ఎక్కువ. ఆ పక్కకు పడటమే ఎక్కువసార్లు సాధన చేయాలి. మొదట కూర్చుని, తర్వాత మోకాళ్ల మీద లేదా తక్కువ ఎత్తు పీట మీద నుంచి, ఆ తర్వాతే నిలబడి. మందమైన మ్యాట్ లేకుండా వద్దే వద్దు. పాత పరుపు వేసినా ఫరవాలేదు.

లేవడం ఇంకా ముఖ్యం. బోర్లా తిరిగి, చేతులూ మోకాళ్ల మీదికి వచ్చి, ఉన్న పాదాన్ని ముందుకు తెచ్చి దాని మీద బరువు వేసి లేవడం ఒక పద్ధతి. గోడ పట్టుకుని, కుర్చీ పట్టుకుని, ఏదీ పట్టుకోకుండా, మూడు రకాలుగా నేర్చుకోండి. లేచేటప్పుడు కళ్లు నేల మీద కాదు, ఎదుటివాడి మీద ఉండాలి.

ఇదంతా కృత్రిమ కాలు పెట్టుకుని ఒకసారి, తీసేసి ఒకసారి చేయాలి. రెండోది ఎందుకంటే రాత్రి మీరు కాలు తీసి మంచం పక్కన పెట్టి పడుకుంటారు. బాత్రూముకు లేచినప్పుడు జారినా, తలుపు ఎవరో తోసినా ఆ సమయానికి మీ ఒంటి మీద ఆ కాలు ఉండదు. మంచం దగ్గర నుంచి తలుపు దాకా, ఫోను దాకా కాలు లేకుండా ఎంత వేగంగా చేరగలరో ఇంట్లోనే చూసుకోండి. ఫోను చార్జింగు పెట్టే చోటు మారిస్తే చాలు, కొందరి సమస్య అక్కడికక్కడే తీరిపోతుంది. 112 నొక్కడానికి ఏ కరాటే బెల్టూ అక్కర్లేదు.

నేల మీద పట్లు పట్టే విద్యల్లో, అంటే జూడో, జియుజిట్సు, కుస్తీల్లో, కృత్రిమ కాలు తీసేయడమే మంచిది. గట్టి అంచులు తగిలి అవతలి మనిషి దెబ్బతింటాడు. ఎవరైనా పాదం పట్టి తిప్పితే ఆ మెలి మొత్తం మీ మొండి భాగం మీద పడుతుంది. నలుగురిలో కాలు విప్పడం మొదటిరోజు కష్టంగా ఉంటుంది. ఒకవారం పిల్లలు చూస్తారు, ఒకడు వచ్చి అడుగుతాడు కూడా. జవాబు చెప్పండి. ఆ తర్వాత వాళ్లకు మీ కాలి కన్నా మీ పట్టు మీదే ఆసక్తి పుడుతుంది.

మాస్టారిని మీరే పరీక్షించండి

మన ఊళ్లలో క్లాసులు ఎక్కడ నడుస్తాయో తెలుసు కదా? ఫంక్షన్ హాలు డాబా మీద, స్కూలు గ్రౌండులో, లిఫ్టు లేని మూడో అంతస్తులో. కాబట్టి ఫోన్లో ఫీజు అడిగే ముందు మెట్లు ఎన్నో అడగండి. కాలు విప్పడానికీ మొండి భాగానికి తొడిగే లైనరు తుడుచుకోవడానికీ ఒక కుర్చీ, కాస్త చాటు ఉందా అని అడగండి. బాత్రూము ఎక్కడో అడగండి. తర్వాత ఒక క్లాసు ఊరికే కూర్చుని చూడండి.

చూసేటప్పుడు రెండు రకాల మాస్టర్ల దగ్గర జాగ్రత్త. ఒకాయన జాలిపడతాడు. "మీకు ఫీజు వద్దండీ, వచ్చి కూర్చోండి, చేతనైనంత చేయండి" అంటాడు. మూలన కూర్చోబెట్టి మర్చిపోతాడు. రెండో ఆయన ఇంకా ప్రమాదం. "మీరు అందరికీ ఆదర్శం సార్" అంటూ మొదటిరోజే ఫోను తీసి రీలు చేస్తాడు. మీ కాలు ఆయన క్లాసుకు పోస్టరు అవుతుంది, విద్య మాత్రం మీకు రాదు. వీళ్లిద్దరి కన్నా కొంచెం మొరటుగా ఉన్నా ప్రశ్నలు అడిగే మాస్టారు వెయ్యి రెట్లు నయం. "ఎక్కడ వరకు తీశారు? నొప్పి ఎక్కడ? మోకాలి మీద కూర్చోగలవా? కర్ర ఏ చేత్తో పట్టుకుంటావు?" ఇలా అడిగే మనిషి దొరికితే ఆయనకు నల్ల బెల్టు ఎన్నో డాన్ అని కూడా చూడకండి. అవయవం లేనివాళ్లకు ఇంతకుముందు నేర్పిన అనుభవం లేకపోయినా సరే. "నాకు తెలియదు, కలిసి చూద్దాం" అనగలిగితే చాలు.

ఏ విద్య మంచిదని అడిగేవాళ్లకు నా అభిప్రాయం ఒకటుంది. కాలు లేనివాళ్లకు దగ్గరగా పట్టుకుని చేసే విద్యలు, బాక్సింగు చేతులు, కర్రసాము. చెయ్యి లేనివాళ్లకు తన్నులు ప్రధానంగా ఉండే టైక్వాండో. పారాలింపిక్స్‌లో టైక్వాండో పోటీలు ఉన్నది ప్రధానంగా చేతి లోపం ఉన్నవాళ్లకే. టోక్యోలో హర్యానా అమ్మాయి అరుణా తన్వర్ మన దేశం నుంచి ఆ ఆటలో దిగిన మొదటి క్రీడాకారిణి. కానీ ఇది ఓటింగు కాదు. మీ ఇంటికి రెండు కిలోమీటర్లలో మంచి మాస్టారు ఉంటే ఆయన నేర్పేదే మీకు మంచి విద్య.

కర్రసాము గురించి ఒక మాట ఎక్కువ చెప్పాలి. దసరాకీ పీర్ల పండగకీ ఊరేగింపుల్లో తిప్పే విద్యగా దాన్ని మిగిల్చేశాం. రోజూ చేతిలో ఊతకర్ర ఉండే మనిషికి అంతకన్నా దగ్గరి విద్య ఏముంది? గిరగిరా తిప్పడం అక్కర్లేదు. కర్ర కొనను ఎదుటివాడి పొట్ట ఎత్తులో నిలిపి దూరం కాపాడుకోవడం, పొడిచి వెంటనే వెనక్కి తీసుకోవడం, పట్టుకుంటే మెలితిప్పి విడిపించుకోవడం నేర్చుకుంటే చాలు. ఒక్క షరతు. కర్ర ఎత్తినప్పుడు మీకు ఊత ఉండదు. గోడకో స్తంభానికో వీపు ఆనించి ఎత్తడం అలవాటు కావాలి. గోడ మీ రెండో కాలు అనుకోండి.

ఏ కాలు ముందు పెట్టి నిలబడాలి? పుస్తకాల్లో ఒక జవాబు ఉంటుంది, మీ ఒంట్లో ఇంకో జవాబు ఉంటుంది. సొంత కాలు వెనక ఉంటే నెట్టడానికి బలం వస్తుంది. ముందు ఉంటే నేల మీద నమ్మకం ఉంటుంది. రెండూ ఒక వారం చొప్పున చేసి చూసి నిర్ణయించుకోండి. మొండి భాగం కొసతో మాత్రం ఎప్పుడూ కొట్టకండి. అక్కడ చర్మం కింద ఎముక కొస, నరాల చివరలు ఉంటాయి. మోచేతి కింద తీసేసిన చెయ్యి అయితే మోచేతితో కొట్టండి, మిగిలిన ముంజేతితో లాక్కోండి, అడ్డం పెట్టండి, మెత్తటి ప్యాడ్ చుట్టుకుని. పట్టి ఆపడానికి మణికట్టు లేకపోవడం ఎదుటివాడికి కూడా ఇబ్బందే.

క్లాసులో మీ జోడీగా వచ్చినవాడు మిమ్మల్ని ముట్టుకోవడానికి భయపడతాడు. గుద్దు అంటే గాలిని గుద్దుతాడు. వాడి మొహమాటం వల్ల మీకు విద్య రాదు. "ఇక్కడ గట్టిగా పట్టుకో, ఇక్కడ వద్దు, ఆపమంటే ఆపు" అని మొదటే చెప్పేయండి. మూడే మాటలు. అవి చెప్పడం కూడా శిక్షణలో భాగమే.

చెమట సంగతి మర్చిపోకండి. మే నెలలో విజయవాడలో గంట సాధన చేస్తే మొండి భాగం ఇమిడే సాకెట్టులో చెమట చేరి కాలు జారుతుంది. మొండి భాగం రోజులో ఉబ్బుతుంది, తగ్గుతుంది, దాన్ని బట్టి సాక్సు ఒకటి కలపాలి, ఒకటి తీయాలి. పావుగంటకోసారి ఆగి విప్పి తుడుచుకోండి. ఇంటికొచ్చాక చూసుకున్నప్పుడు ఎర్రటి గుర్తు ఇరవై నిమిషాల్లో పోకపోతే ఆ వారం విశ్రాంతి ఇచ్చి సాకెట్టు చూపించుకోండి. కొందరికి సాధన చేసిన రాత్రి లేని కాలు నొప్పి పెడుతుంది. అది భ్రమ కాదు. ఆ కాలి పటం మెదడులో ఇంకా ఉంటుంది. నరాల శాస్త్రవేత్త వి.ఎస్. రామచంద్రన్ అద్దం పెట్టెతో ఈ నొప్పికి చికిత్స కనిపెట్టి పేరు తెచ్చుకున్నాడు. డాక్టరుతో మాట్లాడండి, సాధన మానేయకండి.

"చెయ్యి తీయండి"

నిజానికి మీ మీద రోజూ జరిగే దాడి దొంగ చేసేది కాదు. బస్సు ఎక్కుతుంటే అడక్కుండా వచ్చి జబ్బ పట్టుకుని లాగే మంచివాడు చేసేది. చక్రాల కుర్చీని చెప్పకుండా తోసేవాడిది. ఊతకర్రను "పక్కన పెడతాను" అంటూ లాక్కునేవాడిది. వాళ్ల ఉద్దేశం మంచిదే కావచ్చు. అయినా మీ బ్యాలెన్సు పోతుంది, మీ ఒంటి మీద మీ అధికారం పోతుంది. ఆడవాళ్లకైతే ఈ 'సాయం' చాటున ఇంకో రకం చేతులు కూడా వస్తాయి.

అందుకే గొంతు సాధన చేయాలి. "ఆగండి. చెయ్యి తీయండి. కావాలంటే నేనే అడుగుతాను." పొట్టలోంచి, కళ్లలోకి చూస్తూ, క్షమాపణ స్వరం లేకుండా. అద్దం ముందు కాదు, క్లాసులో, జోడీ మీ జబ్బ పట్టుకుని ఉండగా. పదిసార్లు చెబితే పదకొండోసారి గొంతు వణకదు. మర్యాదస్థుడు అక్కడితో ఆగిపోతాడు. ఆగని మనిషి ఎవరో మీకు అప్పుడే తెలిసిపోతుంది, దెబ్బ పడకముందే. ఆత్మరక్షణలో ఇంతకన్నా చవకైన ఆయుధం నాకు తెలియదు.

దొంగ అడిగింది గొలుసో ఫోనో అయితే ఇచ్చేయండి. వస్తువు కోసం పోరాడటం నేర్పే మాస్టారు మంచి మాస్టారు కాదు. మిమ్మల్ని ఎక్కడికైనా లాక్కెళ్లబోతే, ఒంటి మీద చెయ్యి వేస్తే అప్పుడు నేర్చుకున్నదంతా వాడండి. అరవండి, కొట్టండి, కొరకండి, తప్పించుకోండి.

చట్టం కూడా మీ పక్కనే ఉంది, తెలిసి ఉండటం మంచిది. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో 34 నుంచి 44 వరకు సెక్షన్లు ఆత్మరక్షణ హక్కు గురించే. అవసరానికి మించి హాని చేయకూడదన్నది దాని హద్దు. కిందపడ్డవాణ్ని ఇంకా కొడితే ఆ హద్దు దాటినట్టే. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 92వ సెక్షన్ ప్రకారం మిమ్మల్ని నలుగురిలో కావాలని అవమానించినా, మీ అవయవానికో సహాయక పరికరానికో కావాలని నష్టం చేసినా, దాని వాడకానికి అడ్డుపడినా ఆరు నెలల నుంచి అయిదేళ్ల వరకు జైలు, జరిమానా. అంటే మీ ఊతకర్ర విరగ్గొట్టడం చిన్న గొడవ కాదు, నేరం. పోలీస్ స్టేషన్లో ఆ సెక్షన్ నంబరు చెప్పండి. చాలాచోట్ల ఎదురుగా కూర్చున్నాయనకు కూడా అది కొత్త సంగతే అవుతుంది.

ఇంతా చదివాక "కొత్త కాలు వచ్చాక మొదలుపెడతాను", "బరువు తగ్గాక", "వేసవి అయ్యాక" అనాలనిపిస్తుంది. కొత్త కాలు వచ్చాక మళ్లీ మొదటి నుంచి పడటం నేర్చుకోవాల్సిందే, కాబట్టి దాని కోసం ఆగడంలో లాభం లేదు. డాక్టరు సరేనన్నాక ఈ వారంలోనే మీ ఊళ్లో ముగ్గురు మాస్టర్లకు ఫోన్ చేయండి. మీ పేరు, ఏ అవయవం ఎక్కడి వరకు లేదు, ఏ పూట ఖాళీ అన్నది ఒక్క నిమిషంలో చెప్పండి. "చూద్దాంలెండి" అన్నవాళ్లను వదిలేయండి. "మెట్లు ఎక్కడం కష్టమైతే కింద వరండాలోనే మొదలుపెడదాం, రేపు సాయంత్రం రండి" అన్నచోటికి రెండు తువ్వాళ్లు, ఒక సాక్సు జత ఎక్కువ, నీళ్ల సీసా పట్టుకుని వెళ్లండి.